ఎక్కడ ఉంటున్నారో రుజువేది? మహమ్మారి నాటి సరిహద్దులు, బిలాస్‌పూర్ రైల్వే కుటుంబాలు

2020 మే 12 సాయంత్రం 4 గంటలకు న్యూఢిల్లీ స్టేషన్ నుంచి బిలాస్‌పూర్‌కు ఒక రైలు బయలుదేరింది. మార్చి 22న దేశమంతటా ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయిన తర్వాత, వలస కార్మికుల కోసం నడిపిన శ్రామిక్ రైళ్లను మినహాయిస్తే, దేశ రాజధాని నుంచి కదిలిన మొదటి ప్రయాణికుల రైలు అదే. ఆ రోజు నుంచి పునరుద్ధరించిన 15 జతల ప్రత్యేక రైళ్ల జాబితాలో హౌరా, ముంబై, చెన్నై, బెంగళూరు, సికింద్రాబాద్‌ల సరసన బిలాస్‌పూర్ పేరు చూసి బయటివారు కొందరు విస్తుపోయి ఉండవచ్చు. ఊరివారికి అందులో వింత లేదు. ఆగ్నేయ మధ్య రైల్వేకు అది ప్రధాన కేంద్రం. సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయమూ అక్కడే ఉంది. దేశంలోని విద్యుత్ కేంద్రాలకు బొగ్గు మోసే రైళ్లు ఆ దారిలో ఒక్క రోజు కూడా ఆగలేదు.

ఆ రైలెక్కడానికి ధ్రువీకరించిన టికెట్టు, ఒంట్లో జ్వరం లేకపోవడం చాలు. స్టేషన్‌కు వెళ్లే దారిలో పోలీసులు ఆపితే ఆ టికెట్టే పాసుగా పనిచేసింది. అదే రైలులో బిలాస్‌పూర్ నుంచి ఢిల్లీ చేరి, అక్కడి నుంచి డల్లాస్‌కో దుబాయ్‌కో వెళ్లవలసినవారి పరిస్థితి వేరు. వారిని టికెట్టు గట్టెక్కించలేదు, పాస్‌పోర్టు గట్టెక్కించలేదు. తాము వెళ్లేది యాత్రకు కాదని, తాము నివసించే చోటికి తిరిగి వెళ్తున్నామని వారు రుజువు చేసుకోవలసి వచ్చింది. ఆ రుజువును ఒక్కో ప్రభుత్వం ఒక్కో కాగితంలో వెతికింది.

మామూలు రోజుల్లో సరిహద్దు దగ్గర అడిగే ప్రధాన ప్రశ్న పౌరసత్వం గురించి. మహమ్మారి కాలంలో ఆ ప్రశ్న పక్కకు జరిగి, 'మీరు ఎక్కడ నివసిస్తున్నారు?' అన్నది ముందుకు వచ్చింది. వినడానికి ఇది సులువైన ప్రశ్న. ఇల్లు, ఉద్యోగం, పిల్లల బడి, కరెంటు బిల్లు ఉన్నవారు ఎవరైనా జవాబు చెప్పగలరు. అయితే అధికారులు అడిగింది జీవితం ఎక్కడ సాగుతున్నదని కాదు. ఫలానా తేదీన ఫలానా ముద్ర చెల్లుబాటులో ఉందా అని మాత్రమే.

ఈ తేడా బిలాస్‌పూర్ రైల్వే ప్రాంతంలోని తెలుగు కుటుంబాలకు కొత్తది కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడిన తర్వాత నాగపూర్ నుంచి తూర్పుకు సాగిన మార్గం మీద ఈ ఊరు జంక్షన్‌గా ఎదిగింది. అదే రైల్వే దక్షిణాన వాల్తేరు వరకు విస్తరించడంతో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి పనులకు వచ్చినవారు ఖరగ్‌పూర్‌లో స్థిరపడినట్టే ఇక్కడా స్థిరపడ్డారు. నేటికీ కోర్బా నుంచి విశాఖపట్నం వెళ్లే ఎక్స్‌ప్రెస్ బిలాస్‌పూర్, రాయపూర్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, విజయనగరం మీదుగా ఈ రెండు లోకాలను కలుపుతూ నడుస్తున్నది. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, ఆఫీసులో హిందీ. మూడు తరాలుగా ఇక్కడే పుట్టి పెరిగినవారు కూడా స్థానికులమని చూపుకోవలసి వచ్చినప్పుడు కాగితాల పెట్టె తెరవక తప్పదు. రైల్వే క్వార్టరు పదవీ విరమణ తర్వాత కొద్ది నెలల్లో చేజారిపోతుంది, దానితో పాటే పాస్‌పోర్టు మీది చిరునామా కూడా. షెడ్యూల్డు కులాలు, తెగల విషయంలోనైతే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల తేదీకి తాతముత్తాతలు ఏ రాష్ట్రంలో ఉన్నారన్నదే లెక్క. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయికి వెళ్లి చదువుకున్న ఒక గిరిజన విద్యార్థి మహారాష్ట్రలో రిజర్వేషన్ కోరితే, 1990లో సుప్రీంకోర్టు అది పుట్టిన రాష్ట్రానికే పరిమితమని తీర్పు చెప్పింది. ఒక చోట బతకడం వేరు, ఆ చోటివారుగా లెక్కలోకి రావడం వేరు అన్న సంగతి ఈ ఇళ్లలో పాతదే.

విదేశాలకు వెళ్లిన పిల్లల విషయంలో ఆ తేడా ఎలా పనిచేసిందో తెలియాలంటే ఒక కుటుంబాన్ని ఊహించి చూద్దాం. ఇది ఒక నిర్దిష్ట కుటుంబం కథ కాదు. అప్పటి నిబంధనలు మనిషి మీద ఎలా పడ్డాయో చూడటానికి వేసుకున్న లెక్క మాత్రమే. బుధ్‌వారీ బజార్ దాపున అద్దె ఇంట్లో ఉంటున్న ఒక విశ్రాంత రైల్వే గార్డు. ఆయన కూతురు డల్లాస్‌లో హెచ్‌-1బీ మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నది. భర్త, అక్కడే పుట్టిన నాలుగేళ్ల కొడుకు ఆమెతోనే ఉంటున్నారు. నాన్నగారి గుండె ఆపరేషన్ కోసం ఆమె ఒంటరిగా 2020 ఫిబ్రవరిలో బిలాస్‌పూర్ వచ్చింది. ఉద్యోగ అనుమతి 2022 దాకా ఉంది. పాస్‌పోర్టులోని వీసా ముద్ర మాత్రం ఏప్రిల్‌లో ముగుస్తుంది. తిరిగి వెళ్లేలోగా కొత్త ముద్ర వేయించుకోవాలన్నది ఆమె ఆలోచన. ఏటా వేలాది మంది చేసే పనే అది.

మార్చి 16 నుంచి భారత్‌లోని అమెరికా దౌత్య కార్యాలయాలు సాధారణ వీసా సేవలను నిలిపివేశాయి. మార్చి 22 నుంచి అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలు మన దేశంలో దిగడం ఆగిపోయింది. మే 7న వందే భారత్ మిషన్ కింద విదేశాల్లో చిక్కుకున్న భారతీయులను తీసుకువచ్చే విమానాలు మొదలయ్యాయి. అవి ఇక్కడి నుంచి బయలుదేరేటప్పుడు ఖాళీగా వెళ్లనవసరం లేదు కదా! అందుకే మే 5న కేంద్ర హోంశాఖ విడుదల చేసిన నియమావళి ఆ విమానాల్లో ఎవరు వెళ్లవచ్చో చెప్పింది. వెళ్లే దేశపు పౌరులు, ఆ దేశానికి కనీసం ఏడాది వ్యవధి గల వీసా ఉన్నవారు, గ్రీన్‌కార్డు లేదా ఓసీఐ కార్డు గలవారు. వైద్య అత్యవసరమో, కుటుంబంలో మరణమో సంభవిస్తే ఆరు నెలల వీసా ఉన్నా చాలు. అర్హులు పౌర విమానయాన శాఖకు దరఖాస్తు చేసుకోవాలి. గమ్యస్థాన దేశం వారిని అనుమతిస్తుందని నిర్ధారించుకున్న తర్వాతే టికెట్టు.

ఇక్కడ ఒక విషయం ప్రత్యేకంగా గమనించాలి. భారత పౌరురాలు భారతదేశం విడిచి వెళ్లడానికి, తాను పరదేశ నివాసినని ముందుగా భారత ప్రభుత్వానికే రుజువు చూపవలసి వచ్చింది. చేతికందిన కొద్దిపాటి సీట్లను నిజంగా అవసరమున్నవారికి పంచాలంటే ఏదో ఒక వడపోత తప్పదన్న వాదనను తోసిపుచ్చలేము. కానీ వడపోతకు ఎంచుకున్న కొలబద్ద వీసా వ్యవధి. మన ఉదాహరణలోని కూతురికి ఏప్రిల్ తర్వాత వ్యవధి అన్నదే మిగలలేదు. ఇంటి లీజు, జీతపు రసీదులు, పన్ను పత్రాలు, కొడుకు జనన ధ్రువపత్రం అన్నీ ఆమె దగ్గర ఉన్నాయి. వాటిని పెట్టడానికి దరఖాస్తులో గడి లేదు.

రెండో తలుపు అమెరికాది. 2020 జూన్ 22న అధ్యక్షుడు ట్రంప్ చేసిన ప్రకటన హెచ్‌-1బీ, ఎల్‌-1, కొన్ని తరగతుల జే వీసాల మీద ప్రవేశాన్ని ఆ ఏడాది చివరి దాకా నిలిపివేసింది. జూన్ 24 నాటికి అమెరికా వెలుపల ఉండి, ఆ రోజుకు చెల్లుబాటయ్యే వీసా లేనివారికి అది వర్తించింది. పక్క వీధిలో ఇంకొకామె ముద్ర జూలైలో ముగుస్తుందనుకుందాం. ఉద్యోగం ఒకటే, ఊరు ఒకటే, తిరిగి వెళ్లలేని కష్టమూ ఒకటే. ఆమె నిషేధం వెలుపల, ఈమె లోపల. ఇద్దరినీ వేరు చేసింది కొన్ని వారాల తేదీ తేడా. పైగా ఈ నిషేధానికి చెప్పిన కారణం వైరస్ కాదు. మహమ్మారి వల్ల ఉద్యోగాలు కోల్పోయిన అమెరికన్లకు పోటీ తగ్గించడమే దాని ఉద్దేశమని ప్రకటనలోనే ఉంది. ఆరోగ్యం పేరుతో మూసిన తలుపుకు ఉపాధి పేరుతో మరో గొళ్లెం పడింది.

ఆగస్టు 12న అమెరికా విదేశాంగ శాఖ కొన్ని మినహాయింపులు ప్రకటించింది. అదే యజమాని దగ్గర, అదే హోదాలో, అదే తరగతి వీసాతో ఉద్యోగం కొనసాగించేవారు దరఖాస్తు చేసుకోవచ్చన్నది. నివాసాన్ని ముద్రతో కాక జీవితపు కొనసాగింపుతో కొలవడానికి జరిగిన ఒక ప్రయత్నంగా దీన్ని చూడవచ్చు. అక్టోబరు 1న కాలిఫోర్నియాలోని ఫెడరల్ న్యాయస్థానం ఆ నిషేధం అమలును నిలిపివేసింది గానీ, కేసు వేసిన సంఘాల సభ్య సంస్థలకే ఆ ఊరట పరిమితమైంది. అంటే ఉద్యోగి తిరుగు ప్రయాణం ఆమె యజమాని ఏ వాణిజ్య మండలిలో సభ్యుడన్న దాని మీద ఆధారపడింది! నిషేధం మరో మూడు నెలలు పొడిగింపు పొంది, చివరకు 2021 మార్చి 31న ముగిసింది.

నెల తిరిగేసరికి మరొకటి వచ్చింది. భారత్‌లో రెండో విడత విజృంభిస్తున్న వేళ, ఏప్రిల్ 30న అధ్యక్షుడు బైడెన్ చేసిన ప్రకటన మే 4 నుంచి అమలులోకి వచ్చింది. గడిచిన 14 రోజుల్లో భారత్‌లో ఉన్న విదేశీయుల ప్రవేశాన్ని అది నిలిపివేసింది. పౌరులకు, గ్రీన్‌కార్డుదారులకు మినహాయింపు ఉంది. 21 ఏళ్ల లోపు అవివాహితులైన అమెరికన్ పౌరుల తల్లిదండ్రులకూ మినహాయింపు ఉంది. మన ఉదాహరణలోని తల్లికి ఇంతవరకు అక్కరకు రాని కొడుకు జనన ధ్రువపత్రం ఒక్కసారిగా ఆమె పత్రాలన్నిటికంటే విలువైనదైంది. వీసా ముద్ర మాత్రం అప్పటికీ ఉండవలసిందే.

ఆ బాబు సంగతికి ఏడాది ముందు ఇంకో కోణం ఉంది. 2020 మార్చిలో భారత్ ఓసీఐ కార్డుదారుల వీసా రహిత ప్రవేశాన్ని తాత్కాలికంగా నిలిపివేసింది. దానితో వందే భారత్ మొదటి విడతలో, భారతీయ తల్లిదండ్రులతో వచ్చిన అమెరికా జన్మ పిల్లలను విమానం ఎక్కనివ్వని ఘటనలు అక్కడి విమానాశ్రయాల్లో జరిగాయి. అమ్మా నాన్నా ఎక్కవచ్చు, చంటిపాప ఎక్కకూడదు! విమర్శలు రావడంతో మే 22న హోంశాఖ, విదేశాల్లోని భారత పౌరుల మైనరు పిల్లలు సహా కొన్ని వర్గాల ఓసీఐ కార్డుదారులకు సడలింపు ఇచ్చింది. అందరు ఓసీఐ కార్డుదారులకూ దారి తెరుచుకున్నది అక్టోబరు 22న. రావడానికి అడ్డమైన పౌరసత్వమే పోవడానికి ఆధారమైంది. ఆ పిల్లవాడు తన ప్రమేయం లేకుండానే ఒకసారి అడ్డంకిగా, మరోసారి అనుమతి పత్రంగా మారాడు.

గల్ఫ్ దేశాల్లో రుజువు మరో రూపం తీసుకుంది. 2020 మార్చి 19న యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ తమ దేశం వెలుపల ఉన్న నివాస వీసాదారుల ప్రవేశాన్నే నిలిపివేసింది. జూన్ నుంచి వారిని తిరిగి రానిస్తామన్నది గానీ, ముందుగా అక్కడి గుర్తింపు, పౌరసత్వ విభాగం ఆన్‌లైన్‌లో ఆమోదం ఇవ్వాలి. భారత్ నుంచి వెళ్లేవారికి జూలై 12 నుంచి 26 వరకు ప్రత్యేక విమానాల గడువు పెట్టారు. ఆమోదం ఉండాలి, 96 గంటల లోపు చేసిన పీసీఆర్ పరీక్ష ఉండాలి, ఆ రెండింటి గడువూ దాటకముందే విమానంలో సీటు దొరకాలి. మామూలు రోజుల్లో ఆరు నెలలకు మించి బయట ఉంటే నివాస వీసా రద్దయ్యే దేశం అది. ఆ నిబంధనను అక్కడి ప్రభుత్వం సడలించిందన్న వార్త ఎందరికో ప్రాణం పోసింది. కువైట్ ఆగస్టు నుంచి భారత్‌తో సహా అనేక దేశాల నుంచి నేరుగా రావడాన్ని నిషేధించడంతో, నివాస వీసా ఉన్నవారు కూడా దుబాయ్ వంటి చోట 14 రోజులు గడిపి వెళ్లవలసి వచ్చింది. 2021లో అమెరికా ఆంక్ష నుంచి బయటపడటానికి కూడా కొందరు ఎంచుకున్నది ఈ మూడో దేశం మార్గమే. రెండు వారాల హోటల్ ఖర్చు భరించగల సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు అది దారి. షార్జాలో వెల్డింగ్ పని చేసుకునే మనిషికి అది గోడ.

ఆ గోడ బిలాస్‌పూర్‌లో ఉన్నవారికి మరింత ఎత్తు. 2020లో ఊరి నుంచి విమాన సర్వీసులే లేవు. చకర్‌భాఠాలోని బిలాసా దేవి కేవట్ విమానాశ్రయం నుంచి పౌర విమానాలు మొదలైంది 2021 మార్చి 1న. సుమారు 110 కిలోమీటర్ల దూరంలోని రాయపూర్ నుంచి విదేశాలకు నేరుగా వెళ్లే విమానం లేదు. వీసాకు ముంబైయో హైదరాబాదో కోల్‌కతాయో, విమానానికి ఢిల్లీ. వారానికి రెండు రోజులు నడిచే ప్రత్యేక రైలు ఆ నగరాల్లో ఒక్కదానికే చేరుస్తుంది. మిగిలినచోట్లకు కారులో వెళ్లాలంటే ఆ మే నెలలో రాష్ట్ర సరిహద్దు దాటడానికి ఈ-పాస్ కావాలి. అంతర్జాతీయ సరిహద్దు దగ్గర నివాసం రుజువు చేసుకోవడానికి ముందు, దేశం లోపలే మరో రెండు మూడు చోట్ల ప్రయాణ కారణం రుజువు చేసుకోవాలన్నమాట. హైదరాబాదులో ఉన్న తెలుగువారికి, బిలాస్‌పూర్‌లో ఉన్న తెలుగువారికి నిబంధన ఒకటే. 96 గంటల గడువు మాత్రం ఇద్దరికీ ఒకటి కాదు.

ఈ ఆంక్షల వెనుక తర్కమే లేదనడం సబబు కాదు. ఏ ప్రభుత్వానికైనా తన గడ్డ మీద నివసించేవారి పట్ల బాధ్యత ఉంది. ఆస్పత్రి మంచాలు, క్వారంటైన్ గదులు పరిమితంగా ఉన్నప్పుడు పర్యాటకుణ్ణి ఆపి నివాసిని రానివ్వడం న్యాయమే. నివాసాన్ని గుర్తించిన తీరులోనే లోపమంతా ఉంది. వైరస్ దృష్టిలో గ్రీన్‌కార్డుదారుడికీ హెచ్‌-1బీ ఉద్యోగికీ భేదం లేదు. పరీక్ష, ఏకాంతవాసం ఇద్దరికీ ఒకేలా వర్తింపజేయవచ్చు. చైనా అయితే 2020 మార్చి 28 నుంచి, తానే ఇచ్చిన చెల్లుబాటయ్యే నివాస అనుమతులను కూడా పక్కన పెట్టింది. అక్కడ వైద్యవిద్య చదువుతున్న వేలాది భారతీయ విద్యార్థులు రెండేళ్లకు పైగా ఇళ్లలోనే ఆన్‌లైన్ పాఠాలు విన్నారు. విద్యార్థి వీసాలు మళ్లీ మొదలైంది 2022 ఆగస్టులో. ఆస్ట్రేలియా ఇంకో అడుగు ముందుకేసి, 2021 మే 3 నుంచి 15 వరకు భారత్ నుంచి తన పౌరులు కూడా రాకూడదన్నది. ఉల్లంఘిస్తే ఐదేళ్ల దాకా జైలు, 66,600 ఆస్ట్రేలియన్ డాలర్ల దాకా జరిమానా అని హెచ్చరించింది. దాన్ని సవాలు చేసిన పిటిషన్‌ను అక్కడి ఫెడరల్ కోర్టు మే 10న కొట్టివేసింది. పౌరసత్వమే అక్కరకు రాని చోట నివాస రుజువు మాట ఎత్తేదెవరు?

పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలోని 12వ అధికరణం, ఎవరినీ తమ సొంత దేశంలో ప్రవేశించకుండా నిరంకుశంగా అడ్డుకోరాదని చెబుతుంది. 'సొంత దేశం' అన్న మాట పౌరసత్వం కంటే విశాలమైనదని, దీర్ఘకాలంగా స్థిరపడిన నివాసులకూ అది వర్తించే అవకాశం ఉందని ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కమిటీ 1999లోనే వ్యాఖ్యానించింది. మహమ్మారి తర్వాత జరిగిన ఒప్పందాల్లో ఈ ఆలోచనకు చోటు దొరుకుతుందని కొందరు ఆశించారు. 2025 మే 20న ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన మహమ్మారి ఒప్పందం టీకాల పంపిణీ, సమాచార మార్పిడి గురించి చాలా చెప్పింది. ప్రయాణికులను నిషేధించమని గానీ అనుమతించమని గానీ సభ్యదేశాలను ఆదేశించే అధికారం ప్రపంచ ఆరోగ్య సంస్థ సచివాలయానికి ఉండదని అందులో స్పష్టంగా రాసుకున్నారు. సార్వభౌమత్వం పట్ల దేశాలకున్న పట్టింపు అర్థమవుతుంది. ఫలితం మాత్రం ఇది: రేపు మరో మహమ్మారి వస్తే ఎవరిని నివాసిగా గుర్తించాలి, ఏ కాగితాన్ని రుజువుగా తీసుకోవాలి అన్నది మళ్లీ ఏ దేశానికి ఆ దేశమే, రాత్రికి రాత్రి తేల్చుకుంటుంది.

చేయదగినవి లేకపోలేదు. మూసివేత మొదలైన నాటికి ఉద్యోగ అనుమతి ఉండి, మూసివేత కారణంగా ముద్ర గడువు ముగిసినవారికి ఆ గడువును దానంతట అదే పొడిగించవచ్చు. యూఏఈ ఆరు నెలల నిబంధన విషయంలో చేసింది అదే. మన ప్రభుత్వం నిష్క్రమణ అర్హతను వీసా వ్యవధికి కట్టివేయకుండా, ఉద్యోగ పత్రాన్నీ కుటుంబ బంధాన్నీ పరిగణించే నిబంధనను ముందే రాసి ఉంచుకోవచ్చు. అంతర్జాతీయ విమానాశ్రయాలు లేని రాష్ట్రాలవారికి పరీక్షల గడువులో, అనుసంధాన ప్రయాణంలో వెసులుబాటు కోరుతూ ద్వైపాక్షిక ఒప్పందాలు చేసుకోవచ్చు. 2020 జూలై నుంచి కుదిరిన ఎయిర్ బబుల్ ఒప్పందాలు అందుకు మంచి అవకాశమే గానీ, వాటిలో చర్చ ఎక్కువగా ఏ సంస్థ ఎన్ని విమానాలు నడపాలన్న దాని చుట్టూ సాగింది.

ఈ కాగితాల మీద ఆధారపడటం మహమ్మారితో ముగిసిపోలేదు. 2024 జనవరి 29 నుంచి ఏప్రిల్ 1 వరకు అమెరికా, దేశం విడిచి వెళ్లకుండానే హెచ్‌-1బీ వీసా ముద్రను పునరుద్ధరించే ప్రయోగం చేసింది. 20,000 మందికి అవకాశమిచ్చింది. అందులో భారత్‌కు సంబంధించి అర్హులు, 2021 ఫిబ్రవరి 1 నుంచి సెప్టెంబరు 30 మధ్య ఇక్కడ వీసా పొందినవారు. మహమ్మారి నడిమధ్యలో ఎలాగో ముద్ర వేయించుకోగలిగినవారే వారంతా. ఆ ప్రయోగం కొనసాగలేదు. 2025 సెప్టెంబరు 6న అమెరికా విదేశాంగ శాఖ, వలసేతర వీసాలకు ఎవరైనా తమ పౌరసత్వ దేశంలో గానీ తాము నివసించే దేశంలో గానీ దరఖాస్తు చేసుకోవాలని, నివాస దేశంలో చేసుకునేవారు ఆ నివాసాన్ని రుజువు చేయాలని సూచించింది. మహమ్మారిలో దారి చూపిన మూడో దేశం దాంతో చాలావరకు మూసుకుపోయింది. సెప్టెంబరు 19న హెచ్‌-1బీ మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటన వెలువడగానే, సెలవు మీద స్వదేశానికి వచ్చిన ఉద్యోగులు హడావుడిగా తిరుగు విమానాలెక్కారు. అది కొత్త దరఖాస్తులకేనని తర్వాత వివరణ వచ్చింది. డిసెంబరులో సామాజిక మాధ్యమాల ఖాతాల తనిఖీని విస్తరించడంతో భారత్‌లోని కాన్సులేట్లలో ఖరారైన ఇంటర్వ్యూలు 2026 మార్చికి, మరికొన్ని ఆ తర్వాతకు వాయిదా పడ్డాయి. ముద్ర కోసం వచ్చినవారు ఇళ్లలోనే ఉండిపోయారు. ఈసారి రైళ్లు నడుస్తున్నాయి, విమానాలు ఎగురుతున్నాయి, బిలాస్‌పూర్‌కు సొంత విమానాశ్రయమూ ఉంది.